ఎవరైనా ఇవ్వగల సైగ

మా ఊళ్లో చావు కబురు పేపర్లో కంటే ముందు చేపల దగ్గర తెలుస్తుంది. పోయిన శనివారం పొద్దున్నే ఫిషింగ్ హార్బర్‌లో వంజరం ముక్కల కోసం నిలబడి ఉన్నాను. కత్తిపీట ముందు కూర్చున్నావిడది జాలరిపేట. ఒకప్పుడు నా దగ్గర ఆరు నెలలు స్పోకెన్ ఇంగ్లీషు నేర్చుకుంది. నా శిక్షణ పుణ్యమా అని ఆవిడ ఇప్పుడు నిన్నటి చేపను కూడా "వెరీ ఫ్రెష్ సర్" అని తడబడకుండా అమ్మగలదు. తోక కోసి పక్కన పడేస్తూ, తలెత్తకుండానే అంది:

"మన సిగ్నలన్నియ్య ఎలిపోనాడు మాస్టారూ."

"ఎక్కడికి?" అన్నాను.

కత్తి మీద చెయ్యి అలాగే ఉంచి నా మొహంలోకి చూసింది. "ఎక్కడికేటి? అందరూ ఎల్లేకాడికే. మూడు వారాలయ్యింది."

పాతికేళ్లుగా భాషాశాస్త్రం చెబుతున్నవాణ్ణి. మాటకు అర్థం సందర్భాన్నిబట్టి వస్తుందని ఏటా ఒక వారమంతా బోధిస్తాను. చేపలావిడ గొంతు తగ్గించి, కత్తి నెమ్మది చేసి, 'ఎలిపోనాడు' అంటే ఎక్కడికని అడిగాను. నా పాండిత్యం సంగతి ఇంతకంటే చెప్పక్కర్లేదు.

ఆయన పేరు ఇక్కడ రాయను. పేరు రాసే హక్కు పోగొట్టుకున్నాననే అనుకుంటున్నాను. క్లాసులో అందరూ 'సిగ్నల్' అనే పిలిచేవాళ్లు. గాజువాక దాటాక ఓ ప్రైవేటు స్టాక్‌యార్డులో క్రేన్ కింద నిలబడి, పైన కూర్చున్న ఆపరేటరుకి చేతులతో సైగలు చేసే పని ఆయనది. ఇనప పలకలు, చుట్టలు, దూలాలు ఎత్తేటప్పుడు, దించేటప్పుడు, పక్కకు జరిపేటప్పుడు అక్కడ ఏ మాటా వినపడదు. కింద ఉన్నవాడి చెయ్యే పైన ఉన్నవాడికి చెవి.

ముందు నా సంగతి చెప్పాలి. అది చెప్పకపోతే ఆయన సంగతి అర్థం కాదు. వారంలో ఐదు రోజులు పీజీ పిల్లలకు భాషాశాస్త్రం చెబుతాను. అక్కడ నేను మహా ఉదారుణ్ణి. ఏ మాండలికమూ తక్కువ కాదంటాను. తప్పు భాష అనేది లేదు, వేరే భాష అనేదే ఉందంటాను. 'నాను', 'ఏటి' అనే మాటలకు ఎంత చరిత్ర ఉందో చెబుతుంటే నాకే ఒళ్లు పులకరిస్తుంది. ఆదివారం పొద్దున ఏడింటికి అదే నేను, కూర్మన్నపాలెంలో అద్దెకు తీసుకున్న మేడ మీది గదిలో స్పోకెన్ ఇంగ్లీషు క్లాసు పెడతాను. అక్కడ మొదటి మాట, "మీ భాషను చెప్పులతోపాటు గుమ్మం బయట వదిలి రండి." ఒక్కరోజు తేడాతో రెండు మతాలు మార్చే మనిషిని నేనొక్కణ్ణే అయి ఉంటాను.

ఆ గదికి రానివాళ్లు లేరు. గల్ఫ్ వెళ్లబోయే నర్సు వచ్చేది. వీడియో కాల్‌లో వ్రతాలు చేయించే పురోహితుడు వచ్చేవాడు. హర్యానా నుంచి వచ్చిన ఓ నేవీ ఉద్యోగి భార్యకు నిజానికి కావలసింది తెలుగు. బోర్డు సరిగా చదవక ఇంగ్లీషులో చేరి, మొహమాటానికి పూర్తి చేసింది. వీళ్లందరికీ నా దగ్గర ఒక్కటే మందు. నేనే అచ్చు వేయించిన నలభై పేజీల పుస్తకం.

ఆయన మొదటిసారి వచ్చిన రోజు ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని, మెడ దాకా బొత్తాలు పెట్టుకుని వచ్చాడు. యాభై దాటినవాడు. ఏళ్ల తరబడి హెల్మెట్ పెట్టుకోవడం వల్ల నుదుటిమీద ఒక గీత పడిపోయి ఉండేది. దాని పైన తెలుపు, కింద నలుపు. పరిచయం చేసుకోమన్నాను. లేచాడు.

"నాను నోరిప్పకుండా ముప్పయ్యేళ్లు పన్జేసేనండి. ఇప్పుడు నోటితో పనిపడింది. అందుకొచ్చేను."

క్లాసు నవ్వింది. నేను మాత్రం నవ్వలేదు. "ఇంగ్లీష్ ప్లీజ్" అన్నాను. నాకు తెలిసిన గొప్ప వాక్యం అది.

ఆయన చేతులు ఊరుకునేవి కావు. కిటికీలోంచి కింద టీ కొట్టువాడికి రెండు వేళ్లు చూపి, బొటనవేలు కిందికి తిప్పేవాడు. రెండు టీలు పైకి వచ్చేవి. ఫోన్లో భార్యతో మాట్లాడుతూ కుడిచేత్తో ఆవిడకు సైగలు చేసేవాడు. "ఆవిడకి కనపడదు కదా" అంటే, "నాకు కనపడతాది కదండీ, ఏటి సెప్తన్నానో" అనేవాడు.

నేను ఉత్సాహం పట్టలేక ఇంగ్లీషులో వేగం పెంచినప్పుడు మూడో బెంచీలోంచి ఒక సైగ వచ్చేది. కుడిచేతి వేలు కిందికి చూపి, దాని మీద ఎడమ అరచెయ్యి కదలకుండా పట్టుకునేవాడు. మొదట్లో అర్థం కాక, వెక్కిరింత అనుకుని కోపం తెచ్చుకున్నాను. నెమ్మదిగా దించమని దానర్థమట. లోడు బరువుగా ఉన్నప్పుడు ఇస్తారట. నా పాఠం బరువుగా ఉందని, దాన్ని నెమ్మదిగా దించమని అడిగినవాడు ఈ పాతికేళ్లలో ఆయనొక్కడే. మిగతావాళ్లు మర్యాదస్తులు. అర్థం కాకపోయినా తల ఊపుతారు.

"నీ సేతులు నాకు అద్దెకియ్యి అన్నియ్యా, ఈగలు తోలుకుంతాను" అనేది చేపలావిడ వెనక బెంచీలోంచి.

"నీ నోరు నాకియ్యి సెల్లీ, ఇంటర్యూకి ఎలిపోతాను" అనేవాడు ఆయన, వెనక్కి తిరగకుండానే.

రెండో ఆదివారమో మూడో ఆదివారమో, మీ పని గురించి చెప్పండని అడిగాను. ఇంగ్లీషులో అని అడిగాను కానీ ఆయన తెలుగులో మొదలుపెట్టాడు. నేను ఆపలేదు. భాషాశాస్త్రం చెప్పేవాడు లోపల నిద్ర లేచాడు.

"ఎత్తమంటే హబేస్ అంటామండి. దించమంటే ఆరియా. నోటితో అన్నా ఎవుడికీ ఇనపడదు, అలవాటు కొద్దీ అంటాం. అసలు మాటలన్నీ సేతుల్లోనే. రూలు ఒకటేనండి. సైగ ఒక్కడే ఇవ్వాలి. ఇద్దరు సెయ్యెత్తేరనుకోండి, ఆపరేటరు ఎవుడి మాటా ఇనకూడదు. కాకపోతే ఒక్కటుంది. ఆపు." లేచి నిలబడి, రెండు చేతులూ భుజాల ఎత్తున బార్లా చాపి, అరచేతులు నేలకేసి పెట్టి, అటూ ఇటూ ఊపాడు. "ఇది మాత్రం ఎవుడైనా ఇవ్వొచ్చు. మేనేజరిచ్చినా ఆపాలి, టీ అమ్మేవోడిచ్చినా ఆపాలి. తప్పుగా ఇచ్చినా ఆపాలి. ఆపినాక తిట్టుకోవచ్చు. ముందు ఆపాలి." అని కుడి అరచేత్తో ఛాతీమీద రెండుసార్లు తట్టుకున్నాడు. ఆ తట్టుకోవడం ఏ సైగల పుస్తకంలోనూ ఉండదట. ఆపినందుకు పూచీ నాది అని ఆయన సొంతంగా కలుపుకున్నది.

నాకు నిధి దొరికినట్టయింది. హబేస్, ఆరియా! ఎప్పటి ఓడల కళాసీల మాటలు! ఆరియా పోర్చుగీసు నావికుల నోటినుంచి జారిపడిందని ఎక్కడో చదివాను. అది గాజువాకలో ఇనప పలకల మధ్య బతికి ఉంది. ఆ తర్వాత నాలుగు ఆదివారాలు క్లాసయ్యాక ఆయన్ని కూర్చోబెట్టి, టీ పోయించి, ఫోన్లో రికార్డు చేసి, నోటుబుక్కులో ఎక్కించుకున్నాను. ఓ సదస్సులో పత్రం చదివాను. చప్పట్లు కొట్టారు. పత్రంలో ఆయన్ని 'సమాచారదాత ఒకటి' అని రాశాను. రెండో సమాచారదాత లేడు. ఉన్నట్టు అనిపిస్తే పత్రానికి బరువుంటుందని.

ఆ పత్రం చదివి వచ్చిన ఆదివారమే ఆయన చేతులు కట్టించాను.

నా పుస్తకం మూడో పేజీలో 'బాడీ లాంగ్వేజ్' అని ఒక పాఠం ఉంది. ఇంటర్నెట్‌లోంచి తీసిన బొమ్మలో ఓ సూటు దొర పొట్ట ముందు చేతులు కట్టుకుని నవ్వుతుంటాడు. కింద నా సలహా: మాట్లాడేటప్పుడు చేతులు ఊపరాదు. ఎందుకు ఊపరాదో నాకూ తెలియదు. నేనూ ఎవరి పుస్తకంలోంచో ఎత్తినదే. ఆయన్ని ముందుకు పిలిచి ఆ దొరలా నిలబెట్టాను. నాలుగు మాటలు మాట్లాడేసరికి చేతులు విడిపోయి గాల్లోకి లేచేవి. నేను పెన్నుతో బల్లమీద టక్‌టక్‌మని రెండుసార్లు కొట్టేవాణ్ణి. చేతులు దిగేవి. చేతులతోపాటు మాటా దిగిపోయేది.

"ఇలగ సేతులు కట్టీసుకుంటే మాకాడ ఏటో తెలుసాండీ? పనైపోనాది, ఉన్నవున్నట్టు కట్టీసి ఇంటికి పొండని" అన్నాడు ఓసారి.

"ఇది యార్డు కాదు" అన్నాను.

"కాదులెండి" అన్నాడు. ఆ తర్వాత వాదించలేదు. సైగ ఇచ్చేవాడు ఒక్కడే ఉండాలన్నది ఆయన రూలు. ఆ గదిలో ఆ ఒక్కణ్ణి నేనే. నెలరోజుల్లో ఎంత చక్కగా అలవాటు పడ్డాడంటే, నేను పెన్ను తియ్యగానే ఆయన వేళ్లు ఒకదాన్నొకటి వెతుక్కునేవి. నా బోధన ఇంత బాగా ఎక్కిన విద్యార్థి మరొకడు లేడు.

ఇంగ్లీషు ఎందుకు కావలసి వచ్చిందో కూడా టీ తాగుతూనే చెప్పాడు. నేను రికార్డరు ఆపలేదు. కథనశైలికి మంచి నమూనా దొరుకుతుందని.

"రెండేళ్ల కిందటండి. నాను టీకెల్లేను. ఐదు నిమిషాలే. ఒడిశా నించి ఇద్దరు కొత్తోళ్లు, అన్నదమ్ములు, దిగి మూడ్రోజులైంది. పలకలు ఎత్తుతున్నారు. పెద్దోడు కింద వంగున్నాడు. సిన్నోడు దూరంగా నిలబడి సూస్తన్నాడు. పలకలకి కట్టిన స్లింగు తాడు జారడం సిన్నోడే ముందు సూసేడు. అరిసేడు. వాడి బాసలో అరిసేడు. క్రేన్ మోతలో ఎవుడికినపడతాది? ఇనపడినా ఎవుడికర్థమవుద్ది? నాను టీ గ్లాసుతో వొస్తా సూసేనండి. నోరు ఇంత తెరిసేడు గానీ సెయ్యెత్తనేదు. ఎత్తితే ఆపరేటరు ఆపీసీవోడు. ఆడికెవుడు నేర్పేడు, ఎత్తొచ్చని?"

పెద్దవాడికి మోకాలి కింద కాలు లేదు.

"ఏటీ నేదండి, ఒక్క సైగ. అరనిమిషం పని. లోనకి అడుగెట్టేముందు ప్రతీవోడికీ ఎవుడో ఒకడు నేర్పాలి." కూర్మన్నపాలెం దగ్గరే కొత్తగా ఒక శిక్షణ కేంద్రం పెట్టారట. ఏ రాష్ట్రం నుంచి వచ్చిన కూలీకైనా అక్కడ పదిరోజులు నేర్పి యార్డులకు పంపుతారట. దానికి ఒక ఇన్‌స్ట్రక్టరు కావాలి. అనుభవం కావాలి, ఇంగ్లీషులో మాట్లాడగలగాలి అని ప్రకటన. "కుర్సీ కోసం కాదని అబద్ధం సెప్పనండి. మోకాళ్లు పోనాయి, ఎండలో నిలబడ్లేను. కానీ కుర్సీ ఒక్కదానికే కూడా కాదు. వొచ్చే ఏటికి వయసు దాటిపోద్ది. ఇదే ఆకరు."

"తప్పకుండా వస్తుంది" అన్నాను. నాకు నా పుస్తకం మీద అంత నమ్మకం.

ఇంటర్వ్యూ రోజు ఆ కేంద్రంలో బల్లకు అవతలి వైపు నేను కూడా కూర్చున్నాను. భాషా నిపుణుడు కావాలని పిలిచారు. నా విద్యార్థి ఒకడు వస్తున్నాడని ముందే చెప్పి తప్పుకోవాలి. చెప్పాను, తప్పుకోలేదు. "అయితే మరీ మంచిది, మీరే న్యూట్రల్‌గా ఉంటారు" అన్నాడు ఆ కేంద్రం డైరెక్టరు. నన్ను అంతమాట అనేసరికి పొంగిపోయాను. పైగా కేంద్రంలో ఇంగ్లీషు కోర్సు ఏదో మొదలుపెడతామని, అది మీరే చూడాలని వరండాలోనే చెవిలో వేశాడు.

మొదట ఓ టై కట్టుకున్నతను వచ్చాడు. భద్రత అంటే తనకు ప్రాణమన్నాడు. క్రేన్ ఎప్పుడైనా దగ్గరగా చూశారా అంటే, వీడియోల్లో చాలా చూశానన్నాడు. ఇంగ్లీషు మాత్రం ఎక్కడా గతుకు లేదు. డైరెక్టరు కళ్లు మెరిశాయి.

తర్వాత ఆయన. తెల్లచొక్కా, మెడదాకా బొత్తాలు. లోపలికి వచ్చి, నన్ను చూసి, గుక్కెడు నీళ్లు తాగినవాడిలా మొహం చల్లబడి, మూడో పేజీలోని దొరలా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కూర్చోమన్నా ముందు కూర్చోలేదు. నేను తల ఊపాక కూర్చున్నాడు.

"టెల్ అజ్ అబౌట్ యువర్‌సెల్ఫ్."

చెప్పాడు. పేరు, ఊరు. "మై స్ట్రెంత్ ఈజ్ హార్డ్ వర్క్ సర్. మై వీక్‌నెస్ ఈజ్ ఆల్సో హార్డ్ వర్క్ సర్." నా పుస్తకం పదకొండో పేజీ. ఈ ఊళ్లో ఇంటర్వ్యూకి వెళ్లే ప్రతివాడి బలమూ, బలహీనతా అవే. ఆ పాపం నాది.

అప్పుడు డైరెక్టరు ఒక ప్రశ్న వేశాడు. ఇప్పటికీ నాకు ఆ ప్రశ్న ఆ చేతుల కోసమే పుట్టిందనిపిస్తుంది. బీహార్ నుంచి ఒకడు వచ్చాడు, వాడికి తెలుగు రాదు, ఇంగ్లీషు రాదు, అక్షరం ముక్క రాదు, వాడికి మీరు ఎలా అర్థమయ్యేట్టు చెబుతారు? ఇంగ్లీషులోనే అడిగాడు కానీ, నెమ్మదిగా అడిగాడు.

ఆయనకు అర్థమైంది. మొహమంతా విప్పారింది. కట్టుకున్న వేళ్లు విడిపోయాయి. కుర్చీలోంచి సగం లేచాడు. రెండు చేతులూ పక్కలకు లేవడం మొదలుపెట్టాయి. భుజాల దాకా ఇంకా రాలేదు, మోచేతుల దాకా వచ్చాయి.

నా పెన్ను బల్లమీద రెండుసార్లు కొట్టింది.

కావాలని కొట్టలేదు. అలా అని చెప్పుకుంటే కొంత తేలికవుతుందేమోనని చాలాసార్లు చెప్పుకుని చూశాను. అలవాటు. ఆదివారాల అలవాటు. ఆయన నా వైపు చూశాడు. చేతులు దిగాయి. వేళ్లు ఒకదాన్నొకటి వెతుక్కుని పట్టుకున్నాయి. కూర్చున్నాడు.

"ఐ విల్..." అన్నాడు. "సర్, ఐ విల్..."

డైరెక్టరు మంచివాడే, చాలాసేపు ఆగాడు. నేనూ ఆగాను. 'చేతులతో చూపించండి' అనడానికి రెండు మాటలు చాలు. తెలుగులో అయినా సరిపోయేది. ఆ రెండు మాటలు నా దగ్గర లేవు. సదస్సులో ఆ చేతుల గురించి ఇరవై నిమిషాలు అనర్గళంగా మాట్లాడినవాణ్ణి.

"థాంక్యూ" అన్నాడు డైరెక్టరు.

"థాంక్యూ సర్" అన్నాడు ఆయన. నాలుక పళ్ల మధ్య సరిగ్గా పెట్టి, నేను నేర్పినట్టే పలికాడు.

తలుపు మూసుకున్నాక డైరెక్టరు నా వైపు తిరిగి, "మీ స్టూడెంటే కదా మాస్టారూ? మనిషి మంచివాడు. కమ్యూనికేషనే లేదు. మీరేమంటారు?" అన్నాడు. మళ్లీ అవకాశం ఇచ్చాడు. వరండాలో చెవిలో వేసిన కోర్సు గుర్తొచ్చింది. 'న్యూట్రల్' అన్న మాట గుర్తొచ్చింది. ఈయనకు చేతులు కట్టింది నేనేనని చెబితే నా క్లాసు పరువేం కావాలన్నదీ గుర్తొచ్చింది. నా జ్ఞాపకశక్తి ఎప్పుడూ మంచిదే. భాష అన్న గడిలో పదికి రెండు వేశాను. సున్నా వేస్తే బాగుండదని, ఆ 'థాంక్యూ'కి రెండు.

టై కట్టుకున్నతనికి ఉద్యోగం వచ్చింది.

తర్వాతి ఆదివారం ఆయన వస్తాడని అనుకోలేదు. ఏడు కాకముందే వచ్చి మొదటి బెంచీలో కూర్చున్నాడు. ఎప్పుడూ మూడో బెంచీ మనిషి.

"సూసేరా మాస్టారూ? సెయ్యి కదపనేదు" అన్నాడు. "ఓపాలి లేసిపోబోనాయి. మీరు కొట్టేరు, ఆపీసేను."

గర్వంగానే చెప్పాడు. లేక నేను గర్వమనుకున్నానో.

నేను మాస్టారిని కదా, విశ్లేషించాను. "కాన్ఫిడెన్స్ కొంచెం తగ్గింది. ఇంకో నెల గట్టిగా ప్రాక్టీసు చేసి ఉంటేనా..." అంటూ ఏదేదో మాట్లాడుతూ పోయాను. తప్పు చేసినవాడి నోట వచ్చినన్ని సలహాలు ఇంకెవరి నోటా రావు. ఆయన కుడిచేతి వేలు కిందికి చూపి, పైన ఎడమ అరచెయ్యి పట్టాడు. నెమ్మదిగా.

ఇంకో రెండు ఆదివారాలు వచ్చాడు. క్లాసయ్యాక కుర్చీలు ఒకదానిమీదొకటి పేర్చి వెళ్లేవాడు. తర్వాత రాలేదు. మోకాలు నొప్పి అన్నారెవరో. ఆ మాట నాకు అనుకూలంగా ఉంది, నమ్మాను. ఇంటికి వెళ్లి చూడలేదు. ఇల్లు నా క్లాసుకి రెండు వీధులవతలే.

ఇదంతా హార్బర్‌లో తడినేల మీద నిలబడి గుర్తు చేసుకుంటుంటే, చేపలావిడ ముక్కలు కవర్లో వేసి చేతికివ్వకుండా తన దగ్గరే పెట్టుకుంది.

"యార్డు మానీసినాక ఏటి సేసేవోడో తెలుసా మాస్టారూ? పొద్దున్నే మన కూర్మన్నపాలెం జంక్షన్‌లో కూలోళ్లు లారీలెక్కుతారు సూడండి, అక్కడ టీ కొట్టు కాడ కుర్సీ ఏసుకుని కూకునేవోడు. కొత్త మొకం కనబడితే పిలిసేవోడు. ఏ ఊరోడో, ఏ బాసోడో. సేతులు రెండూ బార్లా సాపి ఊపీవోడు. ఆడూ అలగే ఊపాల. ఊపితే గానీ ఒగ్గీవోడు కాదు. అదొక్కటే, ఇంకేటీ నేర్పడు. కొంతమంది పిచ్చోడనుకునేవోళ్లు. ఓపాలి ఈయన సేతులు సూసి నాలుగు ఆటోలు ఆగిపోనాయంట, పోలీసోడొచ్చి తిట్టేడు." నవ్వింది. వెంటనే మానేసింది. "ఆకర్న ఆస్పత్రిలో మూతికి గొట్టం పెట్టీసేరు. అయినా అన్నీ సేత్తోనే సెప్పేడంట వొదినకి."

కవరు కోసం చెయ్యి చాపాను. ఇవ్వలేదు.

"ఒక సంగతి అడగనా? ఆ ఇంటర్యూలో మీరూ ఉన్నారంట గదా."

"ఉన్నాను."

"రెండు మార్కులేసేరంట."

చుట్టూ వేలం కేకలు. మంచు గడ్డలు దంచుతున్న చప్పుడు.

"ఆయనకు తెలుసా?"

"తెలకేటి? ఆ ఆఫీసులో అటెండరు మా పేటోడే. ఆరోజు సాయంత్రానికే నాను సెప్పేను అన్నియ్యకి."

అంటే మొదటి బెంచీలో కూర్చునేనాటికే తెలుసు. సెయ్యి కదపనేదు అన్ననాటికే తెలుసు. కుర్చీలు పేర్చిననాటికీ తెలుసు.

"నాకు ఒళ్లు మండిపోనాది మాస్టారూ, అబద్ధమెందుకు. క్లాసులోనే అడిగీసేద్దునే, అన్నియ్యే ఒద్దన్నాడు. ఏటన్నాడో తెలుసా? 'మాస్టారి తప్పు కాదు సెల్లీ. నోరు తెరిసేడు గానీ సెయ్యెత్తనేదు, ఆ ఒరియా కుర్రోడిలాగే. ఆపొచ్చని మాస్టారికెవుడు నేర్పేడు పాపం?' అన్నాడు."

అప్పుడు కవరు చేతికిచ్చింది. "వెరీ ఫ్రెష్ సర్" అని మాత్రం అనలేదు.

ఆయన నన్ను ఆ కుర్రవాడి పక్కన నిలబెట్టాడు. నేను పడేసిన మనిషే నన్ను అంత తేలిగ్గా దించేశాడు, ఎడమ అరచెయ్యి అడ్డం పెట్టి నెమ్మదిగా. దాన్ని పుచ్చుకుని ఇంటికి పోవచ్చు. కానీ అందులో రెండు పొరపాట్లున్నాయి. ఒకటి, నేను నోరు కూడా తెరవలేదు. రెండోది ఇంటికి వచ్చి చేపల కవరు గట్టుమీద పడేసి, బీరువాలోంచి ఆ పాత నోటుబుక్కు తీశాక చూసుకున్నాను.

నేర్పాడు. నా గదిలోనే, నా ఎదురుగా నిలబడి, రెండు చేతులూ బార్లా చాపి నేర్పాడు. ఆ రోజు తేదీ వేసి, నీలం సిరాతో, ఒక్క మాట పోకుండా రాసుకున్నాను. "ఆపు: ఇది మాత్రం ఎవుడైనా ఇవ్వొచ్చు. తప్పుగా ఇచ్చినా ఆపాలి."

పక్కన మార్జిన్‌లో, ఎర్రసిరాతో, నా దస్తూరీలోనే ఒక మాట ఉంది.

"ఆసక్తికరం."